దడువాయి ఇంట్ల కార్బురేటర్

ఆయితారం. యార్డు బందు.
వాకిట్ల చాప, చాప మీద పాత పేపరు,
పేపరు మీద మా పెండ్లినాటి స్టీలు తాంబాళం పెట్టిన.
స్వరూప చూసి ఏమనలే.
అనకపోవుడే బుగులు.
పెట్రోలు ఉన్నంతసేపు స్టవ్ ముట్టియ్యకు అని ముందే చెప్పిన,
అందుకే ఇయ్యాల మా ఇంట్ల అన్నం ఆలస్యం.

ఎనుమాములల మిర్చి సీజన్ మూడు నెలలూ
బస్తాల నడుమ నిలవడ్డ బండి ఇది.
పొద్దుగాల కిక్కు కొడితే దగ్గుతది,
అండర్ బ్రిడ్జి దిగంగనే ఆగుతది,
చోక్ గుంజితే ఒక్క ఫర్లాంగు కనికరిస్తది.
"కొత్త కార్బురేటర్ ఏసుకో అన్నా" అన్నడు షోరూం పిలగాడు
బండి దిక్కు చూడకుండనే.

జానీమియా చూసిండు.
ముప్పై ఏండ్లు శివనగర్ల ఇంజన్లిప్పిన చేతులు
ఇప్పుడు చాయ్ గ్లాసును కూడ నిలపలేవు.
షట్టర్ దించేసి, స్క్రూడ్రైవర్ నాకిచ్చి,
మా వాకిట్ల కుర్చీల కూసున్నడు.
"నాకు చెవులున్నయ్. నీకు చేతులున్నయ్.
ఇద్దరం కలిస్తె ఒక్క మెకానిక్కు."

నాబ్ బంద్ చేసిన. పైపు గుంజిన. రెండు బోల్టులు.
కింది గిన్నె ఇప్పితే
అడుగున ఎర్రగ మడ్డి,
తుప్పో, తేజ మిర్చి దుమ్మో.
వాసన చూసి తుమ్మిన.
"మిర్చే" అన్నడు జానీమియా, తుమ్ము ఇని.

ఫ్లోటు చేతిలకు తీస్కున్న.
దినాం క్వింటాళ్లు తూచే చెయ్యికి
అది ఉన్నట్టే తెల్వలే.
పెట్రోలు నిండితే లేస్తది, సూదితోని తలుపు మూస్తది.
ఒడిస్తే దిగుతది, తలుపు తీస్తది.
ఇరవై రెండేండ్లు కాంటా కాడ నిలవడ్డోన్ని,
ఇంత చిన్న దడువాయిని నేను చూడలే.
రైతును కసరడు.
అడ్తిదారు మొకం చూడడు.
తరుగని చెప్పి కిలో కొయ్యడు.

మెయిన్ జెట్టు వచ్చింది. పైలట్ జెట్టు రాలే.
మెత్తటి ఇత్తడి. తలకాయ అరిగిందా, ఇగ ఎవ్వరి తరం కాదు.
"ఆహిస్తా బేటా. తిప్పకు. ముందుగాల వత్తు. వత్తినంక తిప్పు."
వత్తిన. దమ్ము పట్టిన.
టిక్కుమన్నది.
ఇద్దరం ఊపిరి ఇడిసినం.

పొక్క దారమంత కూడ లేదు.
పిన్నీసు తీసేసరికి గద్దించిండు:
ఇనుము పెడితే పొక్క పెద్దగైతది,
పెద్దగైన పొక్క మల్ల చిన్నగ కాదు.
కరెంటు వైరు ఒలిచి, అందుల ఒక్కటంటే ఒక్క రాగి పోగు.
పెట్రోలుల నానవెట్టుడు,
సైకిల్ పంపుతోని గాలి కొట్టుడు,
మల్ల పోగు, మల్ల గాలి.

ఎండకు పట్టి ఒక కన్ను మూసిన.
ఏం లేదు.
ఇంకోసారి పోగు, ఇంకోసారి గాలి.
అప్పుడు సూది మొనంత వెలుగు,
గుండ్రంగ.
జానీమియాకు ఇస్తే
ఆయన చెయ్యి అదిరి వెలుగు తప్పిపోతున్నది.
మణికట్టు పట్టుకున్న.
దొరికింది.
చానాసేపు చూసిండు. వాపస్ ఇయ్యలే.

బిగిచ్చుడు గురించి చెప్ప, అందుల తిట్లున్నయ్.
ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్టు.
మూడో కిక్కుకు లేచింది.
ఐడిల్ స్క్రూ తిప్పుతుంటే ఆయన కండ్లు మూసుకున్నడు.
"ఇంకింత... ఎక్కువైంది... ఎనుకకు...
ఆఁ. గంతే. ముట్టకు."

స్వరూప వచ్చి తాంబాళం ఎత్తింది.
అంచుకు ఒక వాషర్ అంటుకోనున్నది.
జానీమియా మొకం చూసిన.
ఆయన ఇంకా సప్పుడు ఇంటున్నడు,
కుర్చీ చెయ్యి మీద వేళ్లు
ఇంజన్ లెక్కనే ఆడుతున్నయ్.

వాషర్ జేబుల ఏసుకున్న.
రేపు కాంటా మీద పెట్టి చూస్త.
సున్నా కదలదు. ఎరికే.