నాలుగో నంబరు గొడౌను

హైదరాబాదులో ఇదే వీడియో, ఇవే ఆరు స్పీకర్లు.
తెల్లగోడ చెప్పినట్టు విన్నది.
చూసినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని
గుసగుసగా మెచ్చుకుని వెళ్లారు.

విజయనగరం పొలిమేరలో, మూతపడ్డ జనపనార మిల్లులో
గోడ ఎదురు తిరిగింది.
పెచ్చులూడిన చోట బొమ్మ విరిగి
తెర మీది చేతికి రెండు వేళ్లు లేకుండా పోయాయి.
ప్రొజెక్టర్ వెలుతురులో
పదకొండేళ్ల నాటి పీచుదుమ్ము
ఇంకా డ్యూటీలోనే ఉంది.

సర్దబోతుంటే ఎర్రయ్యమ్మ అంది:
"ఉండనీ బాబూ. మా సన్నాసిది అలాటి సెయ్యే."

చెప్పులు గుమ్మం దగ్గర విడిచి
నేను బాణం గుర్తులు పెట్టిన దారి వదిలేసి
మూడో స్తంభం దాకా నడిచి నిలబడింది,
సరిగ్గా వెలుతురుకు అడ్డంగా.
అక్కడ ఆమె మర ఉండేదట.

"మోత సాల్దు. పెంచు."
పెంచాను. ఇంకా పెంచాను.
పైన రేకులు అందుకున్నాయి,
అరికాళ్ల కింద నేల పలికింది.
నా మైకుకు ఏనాడూ దొరకని చప్పుడు అది.

ఏదో అడిగాను. నా మాట నాకే వినపడలేదు.
ఆమెకు మాటతో పని లేదు.
అవతలి గోడ దగ్గరున్న ఇంకొకామెకు
బొటనవేలు చెవికి ఆనించి, మూడు వేళ్లు మడిచి
ఏదో చెప్పింది.
ఇద్దరూ విరగబడి నవ్వారు.

నా మీదేనేమో.