ఒకటిన్నర నూలు

పైన బీడీ దూరుతుంది.
కింద పోస్టుకార్డు కూడా ఇరుక్కుంటుంది.
ఎడమవైపు వెనక తలుపు,
అరవై నాలుగో మోడలు అంబాసిడరు.
పాణిగ్రాహి డాక్టరుగారు పోయాక
పదకొండేళ్ళు కోళ్ళు పొదిగాయి అందులో.

నిశామణి అమ్మగారు ఒకే మాట చెప్పి వెళ్ళారు:
"రొంగొ పొరె."
రంగు తర్వాత.
పెయింటరు బిదేశి థిన్నరు డబ్బా మీద కూర్చుని
వారం నుంచీ నా మొహం చూస్తున్నాడు.

పుట్టీ మెత్తేద్దాం మామా, అంటాడు కుర్రాడు.
పుట్టీ ఒక ఏడాది నవ్వుతుందిరా,
రెండో వానకి పళ్ళు రాలతాయి.

కొమ్ముబొమ్మల మహారాణా
కొంగని చెక్కగా మిగిలిన దున్నకొమ్ము ముక్కని
ఒకటిన్నర నూలు మందానికి అరగదీసి ఇచ్చాడు.
ఇనప గేజి రేకుని గీరుతుంది, కొమ్ము గీరదు.
దాన్ని సందులో పెట్టి నడిపిస్తాను.
జారిపోతే ఎడం ఎక్కువ,
మొరాయిస్తే తక్కువ,
తనలో తాను గొణుక్కుంటూ నడిస్తే సరి.

మూడు రాత్రులు కిరసనాయిలు తాగించాక
కీలు బోల్టు కదిలింది.
కీలు వెనక, నాలుగు మడతల రేకు ముక్క,
పౌడరు డబ్బాది. నీలం పువ్వు ఇంకా పోలేదు.
మేకుతో గీసిన 'త'.

తవిటయ్య.
నాకు పదకొండేళ్ళప్పుడు సుత్తి చేతికిచ్చి
"ఇనుముని బెదిరించకురా గుంటడా, బతిమాలు"
అన్న మనిషి
ఇలా రేకు దోపి సరిపెట్టేశాడా?
ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు తాడుకి గుండు కట్టి వేలాడదీస్తే తెలిసింది.
తప్పు తలుపుది కాదు.
నడిమి నిట్టాడు మూడు నూళ్ళు ఒరిగి ఉంది.
అప్పుడు గుర్తొచ్చింది,
తప్తపాణి మలుపులో సాలచెట్టుకి ఆనుకున్న కారు,
అర్ధరాత్రి లాంతరు, తెల్లారేసరికి
మోహనా అవతల ఒక పురుడు.
ఒక్క రాత్రిలో నిట్టాడు నిలవదు.
రేకు నిలబడింది.
తలుపు పడింది, డాక్టరు వెళ్ళాడు.

నాకు తొందర లేదు.
తలుపు ఊడదీసి, ఖాళీ చౌకట్లో ఏటవాలుగా జాకీ,
రెండు చివరలా సాలచెక్క.
పావు తిప్పు. టీ. పావు తిప్పు.
ఇనుము ఒరిగినవైపే దాని మనసు.
మూడు నూళ్ళు కావాలంటే నాలుగు తొయ్యాలి,
వదలగానే ఒకటి వెనక్కి తీసేసుకుంటుంది.

బుల్లిరైలు పోయి పర్లాకిమిడికి
పెద్దపట్టాలు వేసిన రోజుల్లో
గ్యాంగువాళ్ళు కొలకర్ర పట్టుకుని
అడుగడుక్కీ వంగేవాళ్ళు.
వాళ్ళ నడుములు చూసి అప్పుడు నవ్వాను.

వెనక తలుపు కుదిరాక ముందు తలుపు,
దానికి తగ్గట్టు మడ్‌గార్డు, చివరికి బానెట్.
ముందునుంచి మొదలెట్టినవాడు
వెనకొచ్చి ఏడుస్తాడు.
బోల్టు కన్నం ఆకురాయితో ఒక్క వెంట్రుక పెంచాను.
కుర్రాడు కళ్ళు మూసుకుని
కొమ్ముముక్కని చుట్టూ నడిపాడు.
గొణుగుతోంది మామా, అన్నాడు.
మూల దగ్గర ఒక్కచోట మాత్రం నోరు మూసుకుంది.
ఆ ఒక్కచోటా వదిలేశాను.

అమ్మగారు వచ్చారు.
నలభయ్యేళ్ళ అలవాటు,
తుంటితో ఒక్క తోపు తోశారు తలుపుని.
ధన్.
షెడ్డు రేకులు అదిరాయి, బిదేశి బీడీ జారింది.
ఆవిడ మళ్ళీ తెరిచారు.
రెండు వేళ్ళతో నెట్టారు.
టక్.
నాలుగుసార్లు చేశారలా.

"ఆ చప్పుడుకే లేచేదాన్ని.
ఆయన వచ్చారు, వేణ్ణీళ్ళు పెట్టాలని."

జేబులోంచి రేకుముక్క తీసి
అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను.
పెట్టమంటే పెట్టేస్తాను, పావుగంట పని.

ఆవిడ నీలం పువ్వుని కళ్ళజోడు పైకెత్తి చూశారు.
మా ఇంటి డబ్బాయే, అన్నారు.
కొంగున ముడేసుకుని
బిదేశి వైపు తిరిగారు:

"ఎబే రొంగొ."