లైన్ల ఉండు

నాకు లైనంటే
యూరియా గోదాం ముంగట మా చెప్పులు నిలవడుడు,
మేం యాపచెట్టు కింద కూసునుడు.

ఆయనకు లైనంటే నర్సంపేట సబ్‌స్టేషన్ల
'క్లియర్' అని రాసిచ్చే చిన్న చీటి.
అది చేతికొస్తేనే స్తంభం ఎక్కాలె.

మా పోరికి ఎవడో లైనేస్తుండంటే
పండ్లు ఇకిలించిండు:
"గా లైనుకు ఎల్సీ ఇయ్యలే ఇంక."

మొన్నటి గాలిదుమారానికి తీగ తెగింది.
స్తంభం మీదికెల్లి ఫోన్ జేసిండు.
"రాజవ్వా, జర లైన్ల ఉండు."

ఉన్న.
చెవుల గాలి. ఇంట్ల చీకటి.
పొయ్యి మీద పప్పు మాడిన వాసన.

ఉన్నట్టుండి వాడంత బుగ్గలు ఎలిగినయ్.
ఎవలు ఇచ్చిండ్రు కరెంటు?

ఆయన దగ్గు ఇనవడేదాక
నేను ఆ ఎలుతురు దిక్కు సూడలే.