దిండు గలీబు

ఈ ఊళ్ళో సారీ తుంపర లాంటిది.
బస్సులో నా కాలు వాళ్ళు తొక్కినా సారీ,
వాళ్ళ కాలు నేను తొక్కినా వాళ్ళే సారీ.
గొడుగు అక్కర్లేదు, తుడుచుకుని పోవచ్చు.
హల్‌కి వచ్చిన మొదటి నెలలోనే నేర్చేసుకున్నాను,
రోజుకి నలభై సార్లు, యాసతో సహా.

మోరీన్‌కి చెప్పాల్సిన ఒక్కటి మాత్రం
పదకొండు వారాలు గొంతులో చేపముల్లై కూర్చుంది.
ఉత్తన్నం ముద్దలు ఎన్ని మింగినా దిగలేదు.

జరిగింది ఇంతే.
ఆర్థర్ గారి చెవి మిషను, చిక్కుడుగింజంత,
దిండు గలీబులో ఉండిపోయింది.
నేను దులపలేదు.
దుప్పట్లతో కలిపి అరవై డిగ్రీల నీళ్ళలో పడేశాను.
మేనేజరు అడిగినప్పుడు
అబద్ధం ఆడలేదు.
మోరీన్ తోసే బట్టల బండి వైపు
ఒక్కసారి చూశాను, అంతే.
చూపుకి సాక్ష్యం ఉండదు కదా.

ఇరవై రెండేళ్ళుగా ఆ ముసలివాళ్ళ పక్కలు మార్చిన మనిషికి
హెచ్చరిక కాగితం అందింది.
ఒకటిన్నర రెట్లు కూలి వచ్చే ఆదివారాలు పోయాయి.
ఆదివారాలు నాకొచ్చాయి.

ఇంట్లో సాధన చేశాను, తెలుగులో.
"తప్పు జరిగింది" అన్నాను కుళాయితో.
"పొరపాటైపోయింది" అన్నాను పప్పు కడుగుతూ.
వాన పడింది, పొద్దు పోయింది, పొరపాటైపోయింది.
చేసినవాళ్ళే లేని వాక్యాలు
ఎన్ని దాచిపెట్టిందో నాకోసం నా భాష!
"నేను చేశాను" అన్న రెండు మాటలకి
హంబర్ నది ఎన్నిసార్లు పోటెత్తి తగ్గిందో
లెక్క లేదు.

మంగళవారం హెజిల్ రోడ్డు మీద
మీగడ రంగు టెలిఫోను డబ్బా పక్కన
చిప్స్ పొట్లంతో బస్సు కోసం నిలబడి ఉంది.
చెప్పాను.
నేను చేశాను. కావాలనే నీ వైపు చూశాను.
వీసా, అద్దె, కొత్త ఉద్యోగం,
తోడు తెచ్చుకున్న కారణాలన్నీ నాలుక వెనక క్యూ కట్టాయి.
ఒక్కదాన్నీ పిలవలేదు.

ఫర్వాలేదు అంటుందనుకున్నాను.
అనలేదు.
ఒక చిప్పు నమిలింది. పొట్లం నా వైపు చాపలేదు.
"ఆయనకి చెప్పావా?" అంది.
బస్సొచ్చింది. ఎక్కి, అవతలి కిటికీ దగ్గర కూర్చుంది.

మర్నాడు లాంజిలో
ఆర్థర్ గారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని
మెల్లగా చెప్పాను.
"ఏంటీ?"
కొంచెం గట్టిగా.
"టీయా? ఇప్పుడే తాగాను."

ఆ చెవి పోగొట్టింది నేనే.
ఎంత గట్టిగా చెప్పాలన్నదీ నా బాకీలోదే.

"మీ మిషను పాడుచేసింది నేను! మోరీన్ కాదు! నేను!"
టీవీ ముందున్న పదహారు తలలు తిరిగాయి.
ఎవరో టీవీ గొంతు తగ్గించారు.
గుమ్మంలో మేనేజరు, చంకలో ఫైలు.
ఆర్థర్ గారు నా పెదాలకేసి చాలాసేపు చూశారు.
"మరి ఆమెతో నేను మాట్లాడ్డం మానేశానే," అన్నారు.
ఇంకాసేపాగి,
"కుర్చీ తొయ్యి."

లాండ్రీ గది తలుపు దగ్గర వదిలి వచ్చేశాను.
మిషన్ల మోతలో
ఆయనేమన్నారో, ఆమెకేం వినబడిందో
నాకు తెలీదు. తెలియక్కర్లేదు కూడా.

హెచ్చరిక కాగితం ఇప్పుడు నా పేరు మీద.
పేరులో ఒక అక్షరం తప్పు రాశారు.
దిద్దించుకుని సంతకం పెట్టాను.

మోరీన్ ఇంకా నన్ను చూసి నవ్వదు.
నిన్న మాత్రం, ఉతకాల్సిన గలీబుల కుప్పలో సగం
మాటల్లేకుండా నా వైపు నెట్టింది.
ఒక్కొక్కటీ తిరగేసి, మూలల్లో వేలు పెట్టి దులిపాను.
రెండు నెరిసిన వెంట్రుకలు,
ఒక బిస్కెట్ ముక్క.