పై షడ్జమం

మా హుసేనప్ప మామ
పెళ్ళిళ్ళలో క్లారినెట్ ఊదినోడు.
డీజే పెట్టెలొచ్చినాక
ఆ నల్లకట్టెను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి
బళ్ళారి నుంచి పాత డిటెక్టరొకటి కొనుక్కొచ్చినాడు.
తొలకరికి తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగే జనానికి
అది పనికిరాదు. రాళ్ళు పలకవు.
లోహమైతేనే పలుకుతాది.

మొదటి రోజే చెవులు మూసుకున్నాడు.
"ఇదేం కూతరా! స కాదు, రి కాదు,
రెండిటి నడుమ కాలు జారినట్టు."
రాత్రంతా నన్ను బటన్ల ముందు కూర్చోబెట్టినాడు.
ఇనుముకు కింది స.
బంగారుకు మ.
రాగికీ ఇత్తడికీ పై స.
తక్కినవన్నీ తీసెయ్యమన్నాడు.
"ఇన్ని గొంతులు ఒకేసారి లేస్తే
మేళం కాదబ్బీ, సంత."

నాకు అంకెలు చాలు.
తెర మీద నలభై రెండు పడితే తవ్వేవాణ్ణి.

శెనక్కాయ పీకేటప్పుడు కమ్మ పోయిందని
సుంకులమ్మ కబురంపింది.
"అర తులం బంగారబ్బీ" అంది
కూలోళ్ళందరికీ వినపడేటట్టు.

పొద్దు నెత్తికెక్కేదాకా మ వెంటబడినా.
గుట్కా పొట్లం.
మళ్ళీ మ. మాత్రల రేకు.
మళ్ళీ గుట్కా.
బంగారమూ గుట్కా కాగితమూ
ఈ మిషను చెవికి అన్నదమ్ములు.
మామ గట్టు మీద కళ్ళు మూసుకోని వింటా ఉండాడు.
"అది చినిగిన మ రా. అంచులు వణుకుతుండాయి. వదిలెయ్."

సాలు చివర, సన్నగా, పై స.
మోటారు వైరు ముక్కలే అని దాటబోయినా.
"ఆగు. వైరుకు ఇంత గుండ్రటి గొంతు రాదు. తవ్వు."

బెత్తెడు మన్ను కింద కమ్మ.
ఏడు రాళ్ళూ ఉండాయి, శీల లేదు.
"మామా, ఇది పై స కదా..."
సగం నా నోట్లో ఉండగానే
మామ నా కాలు తొక్కినాడు.

సుంకులమ్మ కొంగుతో మన్ను తుడుస్తా
తల వంచుకోనే అంది:
"అసలుది బ్యాంకులో ఉండాదిలే.
రెండు బోర్లూ ఎండిన ఏడు పెట్టినా.
మా అత్తకు తెలీదు."

కూలోళ్ళు మామ చుట్టూ మూగినారు.
"బంగారే," అన్నాడు మామ,
"నా చెవికి తెలీదా?"

తిరిగొచ్చేటప్పుడు బండి మీద మాట్లాడలేదు.
ఇంట్లో మిషను నా చేతికిచ్చి
పై స కొంచెం దించమన్నాడు.
దించినా.
"ఇంకొంచెం" అన్నాడు.