కట్టినది కట్టినట్టు

తిరుపతిలో మా క్యాంపస్ ఇంజినీరింగు సెక్షన్,
చివరి గది.
మూడు ఇనుప బీరువాలు, ఒక వాలుబల్ల,
కిటికీ నిండా శేషాచలం.
కొండను ఎవరూ మార్చి కట్టరు కాబట్టి
దాని ప్లాను నా దగ్గర లేదు.

తక్కినవన్నీ ఉన్నాయి, చుట్టలుగా,
అమ్మోనియా వాసన ఇంకా వదలని నీలి కాగితాల్లో:
రసాయనశాస్త్రం బ్లాకు, ఆడపిల్లల రెండో హాస్టలు,
ఎవరో ఒత్తు మరిచి రాసిన 'గ్రందాలయం'.

ట్రేసరుగా చేరిన కొత్తలో
ప్లాను అంటే నిజమే అనుకునేదాన్ని.
ఒకరోజు ప్లంబరు యతిరాజులు
గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొచ్చి
పద్నాలుగో షీటు మీద వంగాడు.
"ఈడ ఉండాదని గీసినారే మేడమ్, ఈడ లేదు వాల్వు."
తడి వేలు జరిపి మెట్ల కింద గట్టిగా నొక్కాడు.
"ఆడుండాది. బండ అడ్డమొచ్చిందని
కంట్రాక్టరు పక్కకు జరిపినాడు.
మీ కాయితానికి ఎవురూ చెప్పలే."

నవ్వేశాను.
నవ్వి, షీటు చుట్టి, బీరువాలో పెట్టేశాను.

భవనం ఎప్పుడు పూర్తయినట్టు?
రిబ్బను తెగినప్పుడు అంటారు పెద్దలు.
ఆఖరి బిల్లు పాసైనప్పుడు అంటాడు కంట్రాక్టరు,
అప్పటికే అతని మిక్సర్లు రేణిగుంట దాటేసుంటాయి.
నాకు మాత్రం ఆరు నెలలకు
టెండరు నాటి ప్లానే మళ్లీ వస్తుంది
'ఫైనల్' అని ముద్ర వేసుకుని.
అందులో నాలుగు కిటికీలు.
గోడకు మూడే.

ఆ నవంబరులో, ముసురు పట్టిన వారం,
కొత్త ల్యాబుకు పునాది తవ్వుతున్నారు.
ప్లానులో అక్కడ ఉత్త నేల.
నేలలో మాత్రం, జానెడు లోతున,
ఎప్పుడో దారి మళ్లించిన హాస్టలు కేబులు.
గడ్డపార పట్టిన గురవయ్య
కుడిచెయ్యి మోచేతిదాకా మాడింది.

విచారణలో నా షీటు విప్పి బల్లమీద పరిచారు,
నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు బరువు పెట్టి.
ప్లాను ప్రకారం అక్కడ కేబులు లేదు.
ప్లాను ప్రకారం గురవయ్యకు ఏమీ జరగలేదు.
కింద కుడివైపు గడిలో
నా సంతకం, ఎంతో చక్కని దస్తూరీలో.

ఆ వేసవంతా నడిచాను.
ముప్పై మీటర్ల టేపు, ఎర్ర పెన్సిలు, గొడుగు,
ముందు యతిరాజులు.
రిటైరుమెంటుకు ఇంకా నలభై రోజులుంది అతనికి.
బండల మీద మడమతో తట్టి చెవొగ్గేవాడు.
"అంతా ఎండిపోయి ఈ గడ్డి ఒక్కటే పచ్చగుండాదంటే
కింద లీకుండాదని" అనేవాడు. రాసుకున్నాను.
ఇటుకలతో మూసేసిన తలుపు. రాసుకున్నాను.
ఇరవై రెండు సెంటీమీటర్లు ఒరిగి లేచిన గోడ.
వరండా చివర ఒక ప్రొఫెసరుగారు
అనుమతి లేకుండా కట్టించుకున్న పూజగది.
కట్టారు కాబట్టి గీశాను.
తప్పొప్పులు ఆడిటువాళ్లు చూసుకుంటారు.

"ఉన్న బిల్డింగును కొలవడమేమిటమ్మా?" అన్నారు ఆఫీసులో.
జవాబు తెలిసినాయన చెయ్యి
ఇంకా గుడ్డకట్టులోనే ఉండింది.
వాళ్లూరు వడమాలపేట. రెండుసార్లు వెళ్లాను.
రెండోసారి ఎడమచేత్తో మజ్జిగ ఇచ్చాడు.
ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేది.

యతిరాజులు నగరి వెళ్లిపోయాడు.
ఇప్పుడు సెక్షనులోకి హేమాద్రి వచ్చాడు,
అన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నాడు,
నీళ్లకు నీలం, మురుగుకు గోధుమ, కరెంటుకు ఎరుపు.
మంచి పిల్లాడు. చేతులు శుభ్రంగా ఉంటాయి.

నిన్న పద్నాలుగో షీటు స్కాన్ చేస్తూ అడిగాడు:
"మెట్ల దగ్గర ఏదో మరకుంది మేడమ్,
చెరిపేయనా?"

"మరక కాదు నాయనా, వాల్వు.
టేపు తీసుకో. పోయి చూద్దాం."