ఏడు కుట్ల కొంగ

మా బ్యాండుకి మొదట గుర్తు లేదు.
చిల్లు ఉండేది.

నందిగాం పెళ్లి ఊరేగింపులో
పెళ్లికొడుకు మేనమామ పీకలదాకా తాగి
నా పెద్ద డ్రమ్ము మీదికి తూలాడు.
తోలు పిగిలిపోయింది.
తవిటయ్య మేస్త్రి క్లారినెట్టు నోట్లోంచి తియ్యకుండా
కనుబొమ్మలతోనే చెప్పాడు, నడువు అని.
ఆ రాత్రి విడిదింటి దాకా
చిల్లు పక్కన కర్ర ఆడిస్తూ నడిచాను
చప్పుడు చేస్తున్నవాడి మొహం పెట్టుకుని.

కొత్త తోలు కొనే సీజను కాదది.
టెక్కలి బస్టాండు వెనక చెప్పులు కుట్టే గన్నెమ్మ
ఎవరిదో తెగిన చెప్పులోంచి ముక్క కోసి
మైనపు దారంతో ఏడు కుట్లు వేసింది.
పక్కన గోనెసంచి ఉయ్యాల్లో మనవరాలు,
మూడు నెలల పసిగుడ్డు.
"డబ్బులొద్దు బావూ,
దీని పెళ్లికి వాయించీయండి" అంది.

అప్పట్నుంచి మా డ్రమ్ము దుమ్మనడం మానేసింది.
దుబ్ అనేది,
తడిగుడ్డ బండకేసి బాదినట్టు.

పేరు రాయడానికొచ్చాడు దాలినాయుడు.
లారీల వెనక కళ్లూ, గోడల మీద ఎన్నికల గుర్తులూ వేసే చెయ్యి.
అతుకు చుట్టూ చాలాసేపు వేలు తిప్పాడు.
"ఇది గూడబాతు గొంతు కింద సంచిరా" అన్నాడు.
తేలినీలాపురం వాడు,
ఆ పక్షుల రెట్టల కింద పెరిగినవాడు.
మిగిలిన ఎన్నికల రంగులతో, ఏ పార్టీవో అడగలేదు,
సంచికి ముక్కు పెట్టాడు, ముక్కుకి తల,
తలకి మెడ, మెడకి ఇంత పొట్ట.
రెండో కాలికి చోటు చాల్లేదు.
మా కొంగ ఇప్పటికీ ఒంటికాలి మీదే.
శ్రీ నీలమణి బ్రాస్ బ్యాండ్ అని
కింద వంపుగా రాశాడు గానీ
ఎవడు చదివాడు?
"కొంగోళ్లని పిలవండి" అనేవారు బేరానికి.

టోపీల మీదకెక్కింది. భుజాల మీదకి.
రసీదు పుస్తకంలో రబ్బరు స్టాంపై
సిరా ఎక్కువైన రోజు కాకిలా కనిపించేది.
జనరేటరు బండి మీద
రంగుబల్బుల రెక్కలాడించింది.
నౌపడ మీంచి నిజం పక్షులు
పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయే నెలల్లోనే
మాది బయల్దేరేది,
బుడితిలో సొట్టలు తీయించిన బూరలతో
కోటబొమ్మాళికి, నరసన్నపేటకి,
సరిహద్దు దాటి పర్లాకిమిడికి.

నా కర్ర పడేది సరిగ్గా దాని పొట్ట మీద.
ముహూర్తానికింత రాలేది.
మూఢం వచ్చేసరికి ముక్కూ సంచీ మిగిలేవి.
దాలినాయుడు మళ్లీ పొట్ట నింపేవాడు.

కాశీబుగ్గలో ఇంకెవరో మా కొంగని వేసుకున్నారు,
రెండు కాళ్లతో, నున్నగా.
కొట్లాటకి బయల్దేరిన మమ్మల్ని మేస్త్రి ఆపాడు:
"బొమ్మ ఎత్తికెల్లారు.
సిల్లు ఎత్తికెల్లగలరేటి?"

గన్నెమ్మ పోయినప్పుడు వాయించాం.
చావుకి వాయించింది పెళ్లిబాకీలో జమకాదు.

మొన్న ఫ్లెక్సీ కోసం షాపుకెళ్తే
కంప్యూటరు ముందు ఓ పిల్ల.
డ్రమ్ము ఫోటో తెర నిండా పెంచి
కొంగని శుభ్రం చేస్తోంది.
"ఈ గీతలేటి మావా,
మరకల్లాగున్నాయి, తీసీస్తన్నాను."
నాలుగు కుట్లు అప్పటికే లేవు.
గొంతు సంచి నున్నగా, కాశీబుగ్గ కొంగలా.
పని మీద వంగినప్పుడు కింది పెదవి
పళ్లతో బిగబట్టడం ఎక్కడో చూశాను.
"ఎవరి పిల్లవే?"
"బస్టాండు ఎనక గన్నెమ్మ మనవరాల్ని."

నేనేం చెప్పలేదు. గీతలు వెనక్కి తెమ్మన్నాను.
విసుక్కుంటూ ఏదో మీట నొక్కింది.
ఒకటి.
మళ్లీ నొక్కింది. రెండు.
మూడు. నాలుగు.
ఎంత సమంగా పడ్డాయో, పైనుంచి కిందకి.

"పెళ్లెప్పుడు పాపా?" అనడిగాను.
"డిగ్రీ రెండో ఏడు మావా!
అప్పుడు డీజే పెట్టుకుంటానులే" అని నవ్వింది.

పెట్టుకో అన్నాను.
అడ్వాన్సు రెండొందలు ఇచ్చి బయటికొచ్చి,
ఎందుకో
చెప్పు తెగిందేమోనని కిందకి చూసుకున్నాను.
తెగలేదు.